పీఆర్‌లో అవుట్‌రీచ్: ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్పాలి?

పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) సంస్థలో ఉద్యోగం కోసం వచ్చే కొత్తవాళ్లలో చాలామంది 'మీడియాలో నాకు మంచి పరిచయాలున్నాయి' అనే మాటతో మొదలుపెడతారు. ఫోన్లో రెండు వందల మంది విలేకరుల నంబర్లుంటే సగం ఉద్యోగం వచ్చేసినట్టేనని వాళ్ల నమ్మకం. 'సరే, వీళ్లలో ఆరోగ్యం గురించి రాసేది ఎవరు? పోయిన నెలలో ఏం రాశారు?' అని అడిగితే మాత్రం మాట రాదు. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లే ఈ వృత్తిలో నిలుస్తారు. నంబర్లు ఎవరికైనా దొరుకుతాయి. ఆ నంబరు వెనకున్న మనిషికి ఏం కావాలో తెలియాలంటే మాత్రం చదివే అలవాటు ఉండాలి, ఓపిక ఉండాలి. అవుట్‌రీచ్‌లో ముప్పాతిక పని అదే.

అవుట్‌రీచ్ అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. ఒక సంస్థ తరఫున బయటి మనిషిని కలుస్తాం. ఆయన విలేకరి కావచ్చు, యూట్యూబర్ కావచ్చు, ఊళ్లో పదిమంది మాట వినే పెద్దమనిషి కావచ్చు. ఆయన్ని నమ్మే జనానికి పనికొచ్చే విషయం ఒకటి ఆయన చేతికిస్తాం. చెప్పాలా వద్దా, ఎలా చెప్పాలి అన్నది ఆయన ఇష్టం. ప్రకటనకు డబ్బు కడతాం కాబట్టి మనం రాసింది రాసినట్టు వస్తుంది. ఇక్కడ ఆ హక్కు లేదు. విలేకరికి నచ్చాలి, ఆపైన డెస్కులో నిలవాలి, పేజీలో చోటు దొరకాలి. ఇన్ని దాటుకుని వచ్చిన వార్తను పాఠకుడు నమ్ముతాడు. పీఆర్‌కు విలువ వచ్చిందే ఆ నమ్మకం వల్ల.

ఈ వృత్తికి పునాది వేసినవాళ్లలో ఒకరైన అమెరికన్ ఐవీ లీ 1906లోనే ఈ సంగతి గ్రహించాడు. ఆయన అంతకుముందు పత్రికా విలేకరి. ఆ ఏడాది అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే విలేకరుల్ని దగ్గరికి రానివ్వకపోవడం అప్పట్లో రైల్వే కంపెనీల అలవాటు. లీ ఆ అలవాటును తిరగేశాడు. కంపెనీకి తెలిసిన వివరాలన్నీ రాసి పత్రికలకు ఇప్పించాడు, ఘటనా స్థలానికి విలేకరుల్ని పిలిపించాడు. మొదటి ప్రెస్ రిలీజ్ అని చాలామంది చెప్పుకునేది దాన్నే. విలేకరికి కావలసింది సమాచారమని, అది మన దగ్గర దొరక్కపోతే ఇంకెక్కడో వెతుక్కుంటాడని ఒకప్పటి విలేకరికి తెలియకుండా ఎలా ఉంటుంది?

పత్రిక లోపల ఏం జరుగుతుంది?

తెలుగు రాష్ట్రాల్లో పనిచేయాలనుకునే పీఆర్ ఉద్యోగి ముందుగా తెలుసుకోవాల్సింది తెలుగు దినపత్రిక ఎలా నడుస్తుందో. మన పత్రికలకు జిల్లా పేజీలు ప్రాణం. మండలంలో కంట్రిబ్యూటర్ ఉంటాడు. ఆయన పంపిన వార్త నియోజకవర్గ, జిల్లా స్థాయి స్టాఫర్ల కంట పడుతుంది, ఆపైన డెస్కుకు వెళుతుంది. అక్కడి సబ్ ఎడిటర్ దాన్ని కత్తిరించి, సరిదిద్ది, శీర్షిక పెడతాడు. జిల్లా పేజీలు రాత్రి ముందుగా పూర్తవుతాయి, నగర పేజీలు ఆ తరువాత. పొద్దున రిపోర్టర్లు ఆ రోజు ఏం రాయబోతున్నారో బ్యూరోకు చెప్పుకుంటారు. సాయంత్రమయ్యేసరికి అందరూ రాసే పనిలో మునిగిపోయి ఉంటారు. ఈ క్రమం తెలిసినవాడు సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి 'మా ప్రెస్ నోట్ చూశారా అండీ' అని అడగడు. పదకొండు, పన్నెండు గంటల మధ్య చేస్తాడు. ఆ వేళకి రిపోర్టర్‌కు ఆ రోజు పని మీద ఒక అంచనా వచ్చి ఉంటుంది, మన మాట వినే తీరిక కొంచెమైనా ఉంటుంది.

ఫీచర్ పేజీల లెక్క పూర్తిగా వేరు. ఈనాడు 'వసుంధర', ఆంధ్రజ్యోతి 'నవ్య', సాక్షి 'ఫ్యామిలీ', నమస్తే తెలంగాణ 'జిందగీ' లాంటి పేజీలకు ప్రత్యేకంగా మనుషులుంటారు. నిన్న జరిగిన సంఘటన కంటే మనిషి కథ కోసమే వాళ్లు ఎక్కువగా చూస్తారు. ఆదివారం అనుబంధాలైతే చాలా ముందే సిద్ధమై అచ్చుకు వెళతాయి. శుక్రవారం పూట ఫోన్ చేసి 'ఈ ఆదివారం బుక్‌లో వేయండి' అని అడిగారంటే ఆ పని గురించి మీకేమీ తెలియదని మీరే చాటుకున్నట్టు. టీవీకి దృశ్యం కావాలి, మాట్లాడే మనిషి కావాలి. పత్రికకు పంపిన ప్రెస్ నోట్‌నే చానల్‌కూ పంపి, కెమెరా ముందు మాట్లాడి బైట్ ఎవరిస్తారో చెప్పకపోతే దాన్ని తెరిచి చూసేవాళ్లు కూడా ఉండరు.

పత్రికలూ టీవీలూ చేరలేని చోట్లు కూడా ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాలు పండించే మహిళలకు ఏదైనా చెప్పాలనుకోండి, హైదరాబాద్‌లో ఐదు నక్షత్రాల హోటల్లో పెట్టే ప్రెస్‌మీట్ వల్ల పైసా ప్రయోజనం లేదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో అక్కడి దళిత మహిళలే నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరులో మొదలైంది. అలాంటి చోట ఆ రేడియోనే మీడియా. ఎవరికి చెప్పాలన్నది తేలాకే ఏ దారిలో చెప్పాలన్నది తేలుతుంది. ఈ వరస తిరగబడటం వల్లే పీఆర్ బడ్జెట్లలో చాలా డబ్బు హోటల్ హాళ్లకూ సమోసాలకూ పోతోంది.

ఒకే విషయం, ఐదు కథలు

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేసే నేతగాళ్ల చీరల్ని ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే చిన్న సంస్థలో మీరు కమ్యూనికేషన్స్ ఉద్యోగి అనుకోండి. తలమీద కుండతో ఉన్న గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేసే ఈ చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మీ సంస్థకు పేరు రావాలి, చీరలు అమ్ముడుపోవాలి. ఎవరికి చెబుతారు?

అనుభవం లేనివాళ్లు చేసే పని ఒకటుంది. 'సంస్థ ప్రారంభమై ఏడాది పూర్తయిన సందర్భంగా' అంటూ ఒక ప్రెస్ నోట్ రాసి, రెండు వందల నంబర్లున్న వాట్సప్ గ్రూపులో పడేస్తారు. ఏడాది పూర్తవడం మీకు పండగ, పాఠకుడికి అందులో ఏముంది?

ఇప్పుడు ఒక్కొక్కరి వైపు నుంచి చూద్దాం. సిద్దిపేట జిల్లా విలేకరికి తన జిల్లా మనుషులు కావాలి. ఎన్ని కుటుంబాలు ఇంకా మగ్గం మీద ఉన్నాయి, కూలి ఎంత పెరిగింది, మగ్గం వదిలేసినవాళ్లలో ఎవరైనా తిరిగి వచ్చారా? బిజినెస్ పేజీ చూసే రిపోర్టర్‌కు లెక్కలు కావాలి. అమ్మకాలు, కమీషన్, పెట్టుబడి ఎక్కడిది, లాభమా నష్టమా? మహిళల పేజీలో రాసే ఆవిడకు ఒక మనిషి కావాలి. చేనేత మీద వీడియోలు చేసే యూట్యూబర్‌కు మగ్గం చప్పుడు, గొల్లభామ బొమ్మ పోగు పోగూ తేలే దృశ్యం కావాలి. పవర్‌లూమ్ నకళ్ల గురించి రాసే పరిశోధక విలేకరికి కావాల్సింది ఇంకొకటి: అసలు చీరను నకలు చీర నుంచి ఎలా గుర్తుపట్టాలో పక్కపక్కన పెట్టి చూపించే మనిషి. ఒకే చీర, ఐదు కథలు. ఐదుగురికీ ఐదు వేర్వేరు ఉత్తరాలు రాయాలి. ఎక్కువ పని అనిపిస్తుంది గానీ, రెండు వందల మందికి పంపి ఎవరి నుంచీ ఉలుకూ పలుకూ లేక కూర్చునేకన్నా ఐదుగురికి రాసి ఇద్దరి దగ్గర్నుంచి ఫోన్ రావడం ఎంతో నయం.

సందర్భం కూడా చూసుకోవాలి. 1905 ఆగస్టు 7న కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ వారంలో ప్రతి పత్రికా చేనేత మీద ఏదో ఒకటి వేస్తుంది. జులై రెండో వారానికే మీ ఉత్తరం ఫీచర్ పేజీవాళ్ల చేతిలో ఉండాలి. ఆగస్టు 6న పంపితే పేజీలో చోటు ఉండదు. క్యాలెండర్ ముందు పెట్టుకుని ఏడాది మొత్తానికి ఇలాంటి రోజుల్ని గుర్తుపెట్టుకోవడం పీఆర్ ఉద్యోగికి మొదటి వారంలోనే పట్టుబడాల్సిన అలవాటు.

ఉత్తరం ఎలా ఉండాలి?

మహిళల పేజీ రచయిత్రికి చాలామంది రాసేది ఇలా ఉంటుంది: 'మా సంస్థ చేనేత రంగంలో విప్లవాత్మక మార్పులకు శ్రీకారం చుట్టిన అగ్రగామి సంస్థ. మా సీఈఓ గారి ఇంటర్వ్యూకు మీ పత్రికలో అవకాశం కల్పించగలరని మనవి.' ఇందులో ఒక్క వివరం లేదు. ఏ సంస్థ పేరు పెట్టినా సరిపోతుంది.

అదే విషయాన్ని ఇలా రాయొచ్చు: 'మేడమ్, నమస్తే. పోయిన నెల మీరు పోచంపల్లి మహిళల మీద రాసిన కథనం చదివాను. సిద్దిపేటలో గొల్లభామ చీర నేసే ఒకావిడ ఇప్పుడు తన చీరను తనే ఫొటో తీసి, ధర తనే పెట్టి అమ్ముతున్నారు. ఇదివరకు మాస్టర్ వీవర్ ఇచ్చిన కూలికే నేసేవారు. మీతో మాట్లాడటానికి ఆవిడ ఒప్పుకున్నారు, మధ్యాహ్నం రెండు తర్వాత ఇంట్లో మగ్గం దగ్గరే ఉంటారు. చేనేత దినోత్సవం ఆగస్టు 7న వస్తోంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఆవిడ చీరలు అమ్మే సంస్థలో నేను ఉద్యోగిని. మేం తీసుకునే కమీషన్ ఎంతో, ఆవిడ చేతికి ఎంత వస్తుందో కూడా అడిగితే చెబుతాను.'

ఈ చిన్న ఉత్తరంలో చాలా ఉన్నాయి. ఆవిడ రాసింది నిజంగా చదివారు (చదవకుండా ఈ వాక్యం రాయొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు). కథ ఒక్క వాక్యంలో తెలిసిపోయింది. ఇప్పుడే ఎందుకో చెప్పారు. మాట్లాడే మనిషి సిద్ధంగా ఉన్నారు. మీరు ఎవరి తరఫున రాస్తున్నారో దాచలేదు. ఇంకో మాట, డబ్బు లెక్క చెప్పడానికి మీరే ముందుకొచ్చారు. తనకు ఇబ్బంది కలిగించే ప్రశ్నకు కూడా జవాబు చెబుతానని ముందే ఒప్పుకున్న మనిషిని విలేకరి గుర్తుపెట్టుకుంటాడు.

భాష విషయానికి వస్తే, హైదరాబాద్‌లో వచ్చే కార్పొరేట్ ప్రెస్ నోట్లలో చాలావరకు ముంబయిలోనో బెంగళూరులోనో ఇంగ్లిష్‌లో తయారవుతాయి. వాటిని ఇక్కడ హడావిడిగా తెలుగులోకి దించుతారు. 'ఈ సందర్భంగా మాట్లాడుతూ ఆయన ఉత్సాహాన్ని వ్యక్తం చేశారు' లాంటి వాక్యాలు డెస్కులో ఏ సబ్ ఎడిటరూ ఉంచడు. మొదటి పేరాలోనే ఎవరు, ఏం చేశారు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అనేవి వచ్చేలా, చదివితే తెలుగులా ఉండేలా రాయగలిగినవాళ్లు ఏజెన్సీల్లో తక్కువ. తెలుగు మీడియంలో చదివామని కుంగిపోయేవాళ్లకు చెబుతున్నాను, ఈ రంగంలో అది మీ బలం. ఇంగ్లిష్ కూడా నేర్చుకోవాలి, తప్పదు. తెలుగును మాత్రం వదులుకోవద్దు.

చిన్నవిగా కనిపించే సాంకేతిక సంగతులు కొన్ని ఉన్నాయి. ప్రెస్ నోట్‌ను యూనికోడ్‌లో, మెయిల్‌లోనే నేరుగా కాపీ చేసుకునేలా పంపండి. అను ఫాంట్లలో టైప్ చేసి పంపితే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలు కనిపిస్తాయి. పీడీఎఫ్‌గా, అంతకన్నా ఘోరంగా ఫొటో తీసి పంపితే అంతా మళ్లీ టైప్ చేసుకోవాలి. రాత్రి తొమ్మిదింటికి పేజీ పెట్టే మనిషికి అంత తీరిక ఎక్కడిది? ఫొటోను వాట్సప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేదా మెయిల్ చేయండి. ఫొటోలో ఎడమ నుంచి ఎవరెవరున్నారో ఇంటిపేర్లతో సహా రాయండి. పేరు తప్పు పడితే పత్రిక మర్నాడు సవరణ వేసుకోవాలి, ఆ తప్పు మీ నుంచి వచ్చిందని ఆ రిపోర్టర్ మర్చిపోడు.

ఫోన్లో మాట్లాడటం

'సార్ నమస్తే, నేను ఫలానా. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?' అని అడగండి. 'ఇప్పుడు కుదరదు' అంటే 'ఎప్పుడు చేయమంటారు' అని అడిగి పెట్టేయండి. జిల్లాల్లో విలేకరుల్ని అందరూ 'అన్నా' అని పిలవడం చూసి మొదటి ఫోన్‌లోనే మీరూ 'అన్నా' అనేయకండి. నాలుగుసార్లు కలిశాక అది దానంతటదే వస్తుంది. అప్పటిదాకా 'గారు', 'సార్', 'మేడమ్' చాలు.

ఉత్తరం పంపాక రెండు మూడు రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. గుర్తుచేసేటప్పుడు కొత్త వివరం ఏదైనా జతచేయండి: ఒక ఫొటో, ఒక అంకె, మాట్లాడటానికి ఒప్పుకున్న ఇంకో మనిషి. 'చూశారా?' అని మాత్రమే అడిగే ఫోన్ వాళ్లకు భారం. రెండోసారీ జవాబు రాకపోతే వదిలేయండి. ఆ కథ వాళ్లకు పనికిరాదు, అంతే. ఇంకో కథతో ఇంకోసారి వెళ్లొచ్చు. 'ఎందుకు వేయలేదు?' అని నిలదీసే పీఆర్ మనిషికి మాత్రం ఇంకోసారి దొరకదు. మీ పై అధికారి తొందరపెడుతున్నారని ఆ ఒత్తిడిని విలేకరి మీదికి నెట్టొద్దు. కథ ఎందుకు రాలేదో మీ అధికారికి వివరించి చెప్పగలగడం కూడా మీ ఉద్యోగంలో భాగమే, నిజానికి కష్టమైన భాగం అదే.

కథనం వచ్చాక చేసే పని చాలామందికి తెలియదు. అచ్చులో తప్పులు వెతికి ఫిర్యాదు చేసేవాళ్లు ఎక్కువ. వివరం నిజంగా తప్పుపడితే మర్యాదగా చెప్పండి. లేకపోతే ఒక్క మాట 'చదివాను, ఆవిడ చాలా సంతోషించారు' అని పంపి ఊరుకోండి. మీకు పనేమీ లేని రోజున కూడా ఆ విలేకరికి వేరే ఏదో కథకు నిపుణుడు కావాల్సి వస్తే వెతికిపెట్టండి, అది మీ క్లయింట్ కాకపోయినా సరే. పరిచయం పెరిగేది అలాగే.

కవర్ల సంగతి

ఈ మాట దాచకుండా చెప్పాలి. ప్రెస్‌మీట్లలో కవర్లు పంచడం, బహుమతులివ్వడం, డబ్బిచ్చి ప్రకటనను వార్తలా వేయించడం ఈ రంగంలో ఉన్నాయి. 2009 ఎన్నికల తరువాత పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్‌రెడ్డి, ఇంకొకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. 2010లో వాళ్లిచ్చిన నివేదికలో ఆంధ్రప్రదేశ్ ప్రస్తావన గట్టిగానే ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు 'ఇక్కడ ఇలాగే నడుస్తుంది' అని చెప్పేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. నమ్మొద్దు. డబ్బు తీసుకుని వేసిన వార్తను పాఠకుడు పసిగడతాడు, డబ్బు ఆగిన రోజున ఆ పరిచయం కూడా ఆగిపోతుంది. మీకంటూ మిగిలేది ఏమీ ఉండదు.

సోషల్ మీడియాలో ప్రభావం చూపేవాళ్లతో పనిచేసేటప్పుడు నియమాలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. డబ్బో వస్తువో తీసుకుని మాట్లాడితే అది ప్రకటన అని పోస్టులోనే చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో మార్గదర్శకాలిచ్చింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇలాంటి సూచనలే విడుదల చేసింది. ఆ ముద్ర పెట్టించడం మీ బాధ్యత కూడా. అలాగే నంబర్ల జాబితాలు కొనడం, అమ్మడం మానుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత అది ఇంకెంతమాత్రం తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

మీడియా దాటి: పోలియో నేర్పింది

అవుట్‌రీచ్ అంటే విలేకరులే అనుకుంటే సగమే తెలిసినట్టు. మన దేశంలో ఈ పని ఎంత దూరం వెళ్లగలదో చూపించింది పోలియో కార్యక్రమం. కమ్యూనికేషన్స్ చదివే ప్రతి విద్యార్థీ దాన్ని వివరంగా చదవాలి.

పల్స్ పోలియో 1995లో మొదలైంది. టీవీలో చెప్పారు, గోడల మీద రాశారు, బూత్‌లు పెట్టారు. అయినా 2002లో దేశంలో 1600 కేసులొచ్చాయి, వాటిలో అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనే. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కొన్ని ముస్లిం బస్తీల్లో చుక్కలు వేస్తే పిల్లలకు పెద్దయ్యాక సంతానం కలగదన్న వదంతి పాకింది. తలుపులు మూసేసేవారు. ఇంకొంతమంది అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది: మురుగు తీయరు, జ్వరమొస్తే డాక్టర్ ఉండడు, ఈ చుక్కల కోసం మాత్రం ఇన్నిసార్లు ఎందుకొస్తారు?

ప్రకటన ఎంత పెద్దదైనా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. యునిసెఫ్ తోడ్పాటుతో నడిచిన సోషల్ మొబిలైజేషన్ నెట్‌వర్క్ వేరే దారి పట్టింది. అదే బస్తీకి చెందిన మనుషుల్ని, ఎక్కువగా ఆడవాళ్లను, ఒక్కొక్కరికి దాదాపు 500 ఇళ్ల చొప్పున నియమించింది. ఏ ఇంట్లో ఎవరు గర్భిణో, ఏ పాపాయి కొత్తగా పుట్టిందో వాళ్ల పుస్తకాల్లో ఉండేది. చుక్కలు వేసిన ఇంటికి తలుపు మీద సుద్దతో ఒక గుర్తు, వేయని ఇంటికి ఇంకో గుర్తు. ఆ వేయని ఇళ్లకు మళ్లీ వెళ్లేవారు, ఈసారి ఆ ఇంటివాళ్లు ఎవరి మాట వింటారో వాళ్లను వెంటబెట్టుకుని. మసీదుల్లో ఇమాములు ప్రకటించారు. జామియా మిల్లియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి వచ్చారు. మిగతా జబ్బుల సంగతేమిటన్న ఫిర్యాదుకు ఆరోగ్య శిబిరాలతో జవాబిచ్చారు. 2009లో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటి. ఆ ఆఖరి కేసు పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డాలో వచ్చింది. 2014 మార్చి 27న భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో రహితంగా ప్రకటించింది. కొత్త టీకా, మెరుగైన పర్యవేక్షణ కూడా ఈ విజయంలో భాగమే. ఆ టీకా మూసిన తలుపు దాటి లోపలికి వెళ్లింది మాత్రం ఆ బస్తీ ఆడవాళ్ల వల్లే.

పీఆర్ ఉద్యోగికి ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఒప్పుకోనివాళ్ల అభ్యంతరాన్ని ముందు పూర్తిగా వినాలి. వాళ్లు నమ్మే మనిషి ఎవరో కనుక్కోవాలి. అభ్యంతరంలో నిజం ఉంటే, సందేశం మార్చడం కంటే ముందు సంస్థ చేసే పనిని మార్చాలి. ఈ మూడోది మీ యాజమాన్యానికి ధైర్యంగా చెప్పగలిగితే మీరు మంచి పీఆర్ ఉద్యోగి.

చదువు, ఉద్యోగాలు

ఏ డిగ్రీ చదివినవాళ్లయినా ఈ రంగంలోకి రావచ్చు. జర్నలిజం, కమ్యూనికేషన్ చదివితే మొదటి అడుగు తేలికవుతుంది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్, ఆంధ్రా విశ్వవిద్యాలయం, సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయాల్లోనూ ఈ కోర్సులున్నాయి. ఢిల్లీలోని ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) అడ్వర్టైజింగ్, పబ్లిక్ రిలేషన్స్ కోర్సుకు మంచి పేరుంది. ప్రవేశ పరీక్షల విధానాలు మారుతుంటాయి, ఆయా వర్సిటీల నోటిఫికేషన్లు చూసుకోండి. పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా 1958లో ఏర్పడింది. 1968 ఏప్రిల్ 21న జరిగిన మొదటి అఖిల భారత సదస్సుకు గుర్తుగా ఏటా ఆ రోజును జాతీయ పీఆర్ దినంగా జరుపుతారు. విద్యార్థి దశలోనే ఈ సొసైటీ కార్యక్రమాలకు వెళ్లి సీనియర్లను కలవడం మంచిది.

ఉద్యోగాలు ఏజెన్సీల్లో, కంపెనీల కార్పొరేట్ కమ్యూనికేషన్స్ విభాగాల్లో, ఆసుపత్రుల్లో, విశ్వవిద్యాలయాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఉంటాయి. సినిమా పీఆర్‌ఓల ప్రపంచం ప్రత్యేకమైనది, అక్కడ పరిచయమే ప్రవేశ పరీక్ష. ప్రభుత్వంలో రాష్ట్రాల సమాచార పౌర సంబంధాల శాఖలు, కేంద్రంలో ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో ఉన్నాయి. సివిల్స్ ద్వారా వచ్చే ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీసు అధికారులు ఈ రెండో దాంట్లో పనిచేస్తారు. మొదటి ఉద్యోగం ఏజెన్సీలో చేయమని నా సలహా. పని ఎక్కువ, మెచ్చుకోలు తక్కువ. అయినా ఏడాదిలో ఆసుపత్రి, స్టార్టప్, బ్యాంకు అన్నీ చూస్తారు, అన్ని రకాల విలేకరులతోనూ మాట్లాడతారు.

ఉద్యోగం రాకముందే చేయగలిగింది ఒకటుంది. మీ ఊళ్లో మంచి పని చేస్తూ, ఎవరికీ తెలియకుండా ఉన్న సంస్థను ఒకదాన్ని ఎంచుకోండి. గ్రంథాలయం కావచ్చు, రైతు ఉత్పత్తిదారుల సంఘం కావచ్చు, రక్తదానం చేయించే కుర్రాళ్ల బృందం కావచ్చు. వాళ్ల అనుమతితో, డబ్బు తీసుకోకుండా, వాళ్ల కథను ఒక్క విలేకరికి చేరవేయండి. ఎవరిని ఎంచుకున్నారు, ఎందుకు, ఏం రాశారు, ఏం జవాబొచ్చింది అన్నీ రాసిపెట్టుకోండి. కథనం రాకపోయినా ఆ కాగితాల్ని ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. 'మీడియాలో పరిచయాలున్నాయి' అని చెప్పేవాళ్ల వరసలో, ఒక్క విలేకరిని శ్రద్ధగా చదివి వచ్చిన అభ్యర్థి వెంటనే కనిపిస్తారు.

ఈ రోజు పత్రికలో మీకు నచ్చిన పేజీ ఒకటి తీయండి. కథనం పైన ఉన్న పేరు చూడండి. ఆ పేరుతో గత రెండు నెలల్లో వచ్చినవన్నీ వెతికి చదవండి, ఆ తర్వాతే మొదటి ఉత్తరం మొదలుపెట్టండి.